పేరు చెప్పడానికి ఇష్టపడని మహిళ

మా పెద్దమ్మకు రెండు పేర్లు. ఒకటి పుట్టినప్పుడు పెట్టింది, రెండోది బాప్తిస్మం నాడు పెట్టింది. మొదటి పేరుతో పిలవగలిగేవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఒక్క తమ్ముడే. ఆ తమ్ముడు పలివెలలో ఉంటాడు, పిలవడు. ఆ పాత పేరును నలుగురిలో, తమ్ముడు వినేటట్టు, ఎవరైనా ఒక్కసారి పైకి చదవాలని పెద్దమ్మ కోరిక. ఆ అవకాశం నాకు వచ్చింది. కాగితం నా చేతిలో ఉంది, మైకు నా ముందు ఉంది, ఆ తమ్ముడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నేను చదవలేదు. ఎందుకు చదవలేదో చెబితే మా వైపు వాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత తిడతారు. రెండూ న్యాయమే.

పెద్దమ్మ అంటే మా పెదనాన్న భార్య. మాది రాజోలు వైపు, తాతల నాటి నుంచీ క్రైస్తవ కుటుంబం. అంతకు ముందు ఊళ్లో రైతుల దగ్గర పాలేర్లం. చదువు మమ్మల్ని ఒడ్డున పడేసింది. పెదనాన్న కాంపౌండరు అయ్యాడు, మా నాన్న బడిపంతులు అయ్యాడు, నేను అమలాపురంలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. పెద్దమ్మ పుట్టిల్లు పలివెల. పెదనాన్న కొత్తపేట ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో, చేతికి కట్టు కట్టించుకోవడానికి వచ్చే వాళ్లమ్మకు తోడుగా ఆవిడ వచ్చేదట.

"నాలుగు రోజుల్లో మానే దెబ్బని మీ పెదనాన్న కావాలనే నెల్లాళ్లు లాగేడే," అని చెప్పి నవ్వేది పెద్దమ్మ. గాయం మానింది, పెళ్లయింది, పుట్టిల్లు మూతపడింది. పుట్టింటివాళ్లు మతం మారిందన్నారు. మతం ఒక్కటే అయితే ఎప్పుడో సర్దుకునేవాళ్లని, అసలు అడ్డం మా తాతలు చేసిన పాలేరుతనమని రెండు వైపులా అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు. మా వైపు మర్యాదకు లోటుండదు కదా.

పెళ్లయిన మొదటి వానలకు అరటిగెలలు తోలే బండి ఒకటి మా ఇంటి ముందు ఆగిందట. బండివాడు తడిగోనెలో చుట్టిన అరటిపిలక దింపి, మాట్లాడకుండా వెళ్లిపోయాడట. చక్రకేళీ పిలక. గోనె మూతికి కట్టిన పీలిక వాళ్లమ్మ చీర అంచుదని పెద్దమ్మ గుర్తుపట్టింది. పెరట్లో తాను పెంచుకున్న చక్రకేళీ పక్కనుంచి, ఇంట్లో మగవాళ్లకు తెలియకుండా తవ్వి, కూతురికి పంపుకుంది ఆ తల్లి. తర్వాత కొన్నేళ్లకు ఆవిడ పోయింది. ఆ కబురు కూడా బండివాడి నోటి నుంచే తెలిసింది, కర్మలన్నీ అయిపోయాక.

తమ్ముడికి పిలక సంగతి తెలియదు. తల్లి కూతురి పేరెత్తకుండా, మొహం చూడనన్న పంతంతోనే కన్నుమూసిందని అతని నమ్మకం. ఆ మాట పదిమందితో అన్నాడు. పదిమందిలో ఒకరు తెచ్చి పెద్దమ్మ చెవిన వేశారు. తల్లి తనను వదులుకోలేదని, తానూ ఆ ఇంటి పేరును, పెట్టిన పేరును వదులుకోలేదని తమ్ముడికి తెలియాలి. పెద్దమ్మకు ఇంకేమీ అక్కర్లేదు. ఆస్తి వద్దు, రాకపోకలు వద్దు, ఆ ఒక్క మాట చాలు.

పిలక నుంచి పిలక, దాన్నుంచి ఇంకో పిలక, ఆ చక్రకేళీ ఇప్పటికీ మా పెరట్లో ఉంది. ఏటా కోతల పండగకు దాని మొదటి గెల మా గుడికి, అంటే చర్చికి, వెళ్లేది. మా సంఘంలో కోతల పండగ అంటే వడ్లు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోళ్లు అన్నీ బలిపీఠం ముందు పెట్టి ప్రార్థన చేసి, తర్వాత వేలం వేస్తారు. ఫలానావారు తమ తండ్రిగారి జ్ఞాపకార్థం అర్పించిన బస్తా అని పాస్టరు అయ్యగారు పైకి చదువుతారు. పెద్దమ్మ గెలకు మాత్రం పేరుండదు. "ఒక సహోదరి తన తల్లి జ్ఞాపకార్థం" అని చదివేవారు. తొలి రోజుల్లో వేరే మతంలో పోయిన తల్లి పేరు గుడిలో ఎలా చదువుతామని అప్పటి అయ్యగారు మొహమాటపడ్డారట. ఆ తర్వాత ఎంతమంది అయ్యగార్లు మారినా ఆ గెల పేరు లేకుండానే వచ్చి పోయింది. ఈ గెల ఎవరిదో సంఘంలో అందరికీ తెలుసు, అది వేరే సంగతి.

ఇక నా గొడవ. పిల్లలు చేతికందాక, నడివయసులో, నాకు పరిశోధన చెయ్యాలని బుద్ధి పుట్టింది. మత అధ్యయనాల విభాగంలో చేరాను. పెళ్లి చేసుకుని మా ఇళ్లకు వచ్చిన, మతం మారిన ఆడవాళ్లు పుట్టింటి నుంచి ఏయే అలవాట్లు వెంట తెచ్చుకున్నారు, వాటిని కొత్త విశ్వాసంలో ఎలా ఇముడ్చుకున్నారు అనేది నా విషయం. విషయం మంచిదే. మా గైడుగారు కూడా మంచివారే. ఆయనది రాయలసీమ. నేను రికార్డు చేసి పంపిన సంభాషణలు విని ఒకసారి ఫోన్ చేశారు.

"ఏమమ్మా, వీళ్లందరూ నువ్వు ఏది అడిగినా ఆయ్, ఆయ్ అంటారే. అన్నిటికీ ఒప్పుకున్నట్లేనా?"

ఆ రోజు నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. మా కోనసీమ గుట్టు నాకు తప్ప ఎవరికి తెలుసు? ఆయ్ అంటే అవునని కాదు సార్ అని మొదలుపెట్టి పెద్ద పాఠమే చెప్పాను. వింటున్నానండీ అని ఒక ఆయ్. మీరు పెద్దవారు, మీ మాట కాదనలేనండీ అని ఒక ఆయ్. చాలు ఇక లేవండీ అని కూడా ఒక ఆయ్ ఉంది సార్, దాన్ని ఒప్పుకోలుగా లెక్కవేస్తే మునిగిపోతాం అన్నాను. గైడుగారు చాలా సంతోషించారు. దీన్ని పత్రంలో పాదసూచికగా పెట్టమన్నారు. పెట్టాను. లోపలి మనిషికి మాత్రమే తెలిసే సంగతి అని ఆయన మెచ్చుకుంటే, ఆ మెప్పు చాలా రోజులు నాలుక మీద బెల్లంముక్కలా చప్పరించాను.

పరిశోధనకు ఇంకో నియమం ఉంది. సమాచారం చెప్పినవాళ్లు స్పష్టంగా సరేనంటే తప్ప పేరు, ఊరు, గుర్తుపట్టగలిగే వివరం ఏదీ బయట పెట్టకూడదు. మంచి నియమమే, దాని మీద నాకు కోపం లేదు. మతం మారిన ఆడవాళ్ల కథలు బయటకు వస్తే ఇళ్లలో గొడవలు రేగుతాయి. ఇద్దరు ముగ్గురు నన్ను పక్కకు పిలిచి మరీ బతిమాలారు. వాళ్ల పేర్లు దాచి నేను మంచిపనే చేశాను.

పెద్దమ్మ దగ్గర ఒక మధ్యాహ్నం కూర్చుని అంతా రికార్డు చేశాను. ఆసుపత్రి, పెళ్లి, పిలక, గెల, అన్నీ చెప్పింది. పాత పేరు చెప్పేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగింది. చెప్పి, మళ్లీ ఒకసారి తనలో తాను అనుకుంది. ఆ పేరు ఆవిడ నోట నేను వినడం అదే మొదలు. చాలా మామూలు పేరు. ఆ పేరు గలవాళ్లు ఆ ఊళ్లో ఒకరిద్దరు ఇప్పుడూ ఉండే ఉంటారు. ఇక్కడ రాయను. చదవాల్సిన చోట చదవలేదు, ఇప్పుడు రాసి ఎవరికి?

అమలాపురంలో ఒక కాలేజీలో ప్రాంతీయ సదస్సు పెట్టారు. గోదావరి మండలంలో మత సంప్రదాయాలు అనే అంశం. నా పత్రాన్ని ఎంపిక చేశారు. సంతోషంగా ఊరెళ్లి పెద్దమ్మకు చెప్పాను. ఎవరెవరు మాట్లాడతారని అడిగింది. గోదావరి లంకల్లో జాతరల మీద ఒకరు, పాత కీర్తనల మీద ఒకరు, పలివెల కొప్పులింగేశ్వరస్వామి గుడి ఉత్సవాల మీద అక్కడి పెద్దమనిషి ఒకాయన మాట్లాడతారు అన్నాను.

"పలివెల నుంచే వస్తున్నారా ఆయన?" అంది.

"అవును పెద్దమ్మగారూ. రిటైరైన మాస్టారట."

"నీ మాట కూడా ఆయన ముందే చదువుతావా?"

"అందరిదీ ఒకే గదిలోనే కదండీ."

అంతే, ఇంకేమీ అడగలేదు. ఆ మాస్టారు ఎవరో నాకు తెలియదు. పెద్దమ్మ తమ్ముడు ఏం చేస్తాడో మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ మాట్లాడుకోలేదు. అది అడగకూడని విషయమని చిన్నప్పుడే మాకు అర్థమైపోయింది. పరిశోధకురాలినై ఉండి కూడా నేను అడగలేదు. ఊళ్లోవాళ్లందరినీ అడిగాను, సొంత పెద్దమ్మను అడగలేదు.

సదస్సుకు ముందురోజు పత్రం సరిచూసుకుంటూ ఫోన్ చేశాను. పేరు విషయం తేల్చుకోవాలి కదా.

"పెద్దమ్మగారూ, రేపు మీ సంగతి చదువుతాను. మీ పుట్టింటి పేరు అలాగే చదవమంటారా?"

"ఆయ్," అంది.

నా పాదసూచిక నాకు గుర్తొచ్చింది. పెద్ద చదువు చదువుతున్న మరిది కూతురు అడుగుతుంటే కాదనలేక అన్నదేమో అనుకున్నాను. మళ్లీ అడిగాను.

"మన సంఘంవాళ్లు కూడా వస్తారండీ. ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో. పోనీ పేరు లేకుండా చదివెయ్యనా?"

"ఆయ్," అంది.

రెండు ఎదురెదురు ప్రశ్నలకు ఒకటే జవాబు. చూశారా, ఇదీ మా ఆయ్ అంటే, అని నాలో నేను నవ్వుకున్నాను. ఒప్పుకోలు స్పష్టంగా లేనప్పుడు దాచడమే పద్ధతి. మొదటి ఆయ్ వెంటనే వచ్చింది, రెండోది ఆలస్యంగా, కాస్త గొంతు తగ్గి వచ్చింది. ఆ తేడా నా చెవిన పడింది కూడా. దాన్ని నేను వృద్ధురాలి అలసట కింద జమకట్టాను.

ఫోన్ పెట్టేముందు మాత్రం, "నేనూ వస్తానమ్మా వినడానికి," అంది. మోకాళ్ల నొప్పులతో గుడికే ఆటోలో వెళ్లే మనిషి. నా మీద ప్రేమ కొద్దీ వస్తోందని పొంగిపోయాను.

మర్నాడు పొద్దున్నే తయారై కూర్చుంది. ఆదివారం కట్టుకునే తెల్లచీర కాదు, నేనెప్పుడూ చూడని పసుపుపచ్చ నేతచీర కట్టుకుంది. పెట్టె అడుగున ఉండి మడతలు గట్టిపడ్డాయి. వైనతేయ వంతెన మీద గాలికి ఆ చీర ఆటోలో రెపరెపలాడుతుంటే కొంగు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

సదస్సులు ఎలా ఉంటాయో వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. దీపం వెలిగించాలా, ప్రార్థన చెయ్యాలా అని నిర్వాహకులు అరగంట తర్జనభర్జన పడి చివరికి మొక్కకు నీళ్లు పోయించారు. వచ్చినవాళ్లందరికీ శాలువా కప్పారు. శాలువాలు తక్కువపడి, కప్పినవే వెనకనుంచి తెచ్చి మళ్లీ కప్పారని ఒక అపవాదు. ముఖ్య అతిథి మా సమయమంతా తినేశాడు. పత్రం చదివేవాళ్లకు ఇక పది నిమిషాలేనని, గంట కొట్టగానే దిగిపోవాలని అధ్యక్షులవారు హెచ్చరించారు. ఆయన ముందు బల్ల మీద నిజంగానే చిన్న గంట ఉంది.

పలివెల మాస్టారు ముందు మాట్లాడారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో ఒక్క కాగితం లేదు. స్వామి కల్యాణం గురించి, ఏ వీధిలో ఎవరు ఏ సేవ చేస్తారన్న దాని గురించి తీరుబడిగా చెప్పారు. గంట కొడితే, "ఆయ్, అయిపోయిందండీ," అని నవ్వి దిగారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ నచ్చారు. ఆయన వెళ్లి కుడివైపు వరసలో కూర్చున్నారు. పెద్దమ్మ ఎడమవైపు రెండో వరస చివర కూర్చుని ఉంది.

నా వంతు వచ్చింది. చదువుతూ చదువుతూ పెద్దమ్మ భాగం దగ్గరకు వచ్చాను. అప్పటికీ ఊగిసలాటే, కాగితంలో పేరు కొట్టెయ్యలేదు. పలివెల అని ఉంది. చక్రకేళీ అని ఉంది. తలెత్తి చూస్తే మూడో వరసలో మా సంఘ పెద్ద ఒకాయన చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. ఉన్నపళంగా జాగ్రత్త పుట్టింది నాకు. చదువుతూనే సవరించుకున్నాను.

"పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక వృద్ధ మహిళ," అన్నాను. "కొత్తపేట పరిసరాల్లోని ఒక గ్రామం," అన్నాను. "పుట్టింటి నుంచి తల్లి రహస్యంగా పంపిన ఒక మొక్క," అన్నాను. ఎంత నేర్పుగా దాచానో! తమ్ముడు పోల్చుకోవడానికి పనికొచ్చే ప్రతి ముక్కనూ ఏరి ఏరి తీసేశాను. ఆ తర్వాత పాదసూచిక కూడా చదివాను, మా ఆయ్ గురించి. గదిలో అందరూ నవ్వారు. మా వాళ్లే కదా, బాగా నవ్వారు.

చదువుతున్నంతసేపూ పెద్దమ్మ నావైపు చూడలేదు. కుడివైపు వరసలకేసి చూస్తూ కూర్చుంది. పాపం నా గ్రాంథికం అర్థంకాక దిక్కులు చూస్తోందనుకున్నాను.

ప్రశ్నలు అడగమన్నారు. పలివెల మాస్టారు లేచారు. లేచి, ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, చాలా బాగా చదివేరు. ఒక్క మాట. వాళ్లమ్మ పంపింది అన్నారు కదండీ, ఏవిటండీ ఆ మొక్క?"

"క్షమించాలండీ, అలాంటి వివరాలు చెప్పడానికి మా పరిశోధన నియమాలు ఒప్పుకోవు," అన్నాను.

"పోనీ ఏ మొక్కో అన్నా..."

"చెబితే మనిషిని గుర్తుపట్టేస్తారండీ. ఆవిడ ఇష్టాన్ని మనం గౌరవించాలి."

గదిలో ఒకరిద్దరు తలలూపారు. నా జవాబు నాకే ఎంతో హుందాగా అనిపించింది. మాస్టారు ఇంకాసేపు నిలబడ్డారు. అదే సమయంలో పెద్దమ్మ కూడా ముందు కుర్చీ పట్టుకుని సగం లేచింది. మంచినీళ్లకేమోనని నేను కాలేజీ అమ్మాయికి సైగ చేశాను. అధ్యక్షులవారు గంట కొట్టి తర్వాతి పత్రం అన్నారు. మాస్టారు కూర్చున్నారు, పెద్దమ్మ కూర్చుంది.

భోజనాలు వెనక వరండాలో పెట్టారు. పనసపొట్టు కూర, పులిహోర, పెరుగు. పెద్దమ్మకు పళ్లెంలో వడ్డించి తెచ్చి ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుంది, తినలేదు.

"ఎలా చదివానండీ?" అన్నాను. సిగ్గులేకుండా.

"బాగా చదివేవమ్మా," అంది. పళ్లెం పక్కన పెట్టి, "ఆ లేచి అడిగేడు చూడు, వాడు మా తమ్ముడు," అంది.

నాకు వెంటనే ఎక్కలేదు. ఎక్కాక చేతిలో పళ్లెం ఎక్కడ పెట్టానో తెలియదు. హాల్లోకి పరిగెత్తాను. ఆయన లేరు. గేటు దగ్గర అడిగితే, ఇంటి దగ్గర పనుందని భోజనం కూడా చెయ్యకుండా కారెక్కేశారన్నారు. తిరిగొచ్చి పెద్దమ్మ పక్కన కూలబడ్డాను.

"ముందే చెప్పొచ్చు కదా పెద్దమ్మగారూ! పేరు చదవమని ఒక్క మాట అనొచ్చు కదా!"

"నువ్వడిగేవు, నేను ఆయ్ అన్నాను," అంది పెద్దమ్మ. "ఇంకెలా చెప్తారమ్మా?"

"రెండోసారి అడిగినా ఆయ్ అన్నారు కదండీ!"

"నువ్వు భయపడుతున్నావు కదా అని అన్నాను. నీ ఉద్యోగానికి ఏవన్నా ఇబ్బందేమో అనుకున్నాను."

నేనేమో ఆవిడను కాపాడుతున్నానని, ఆవిడేమో నన్ను కాపాడుతున్నానని. మర్యాద ఎక్కువైపోతే ఇలాగే ఉంటుంది మా బతుకు. సూటిగా అడగడం ఆవిడకు చేతకాదు, సూటిగా వినడం నాకు చేతకాదు. పైగా నేను ఆయ్‌ల మీద పండితురాలిని.

మర్నాడే పలివెల వెళ్తానన్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నేను పంపినట్టు ఉంటదమ్మా. దేబిరించినట్టు ఉంటది. నలుగురిలో, సభలో, చదువుకున్నవాళ్లు చెప్తే వినాలి వాడు," అంది. సదస్సు పత్రాలు పుస్తకంగా వేస్తారు, అందులో పేరుతో సహా అచ్చువేయిస్తానన్నాను. "అచ్చు వేస్తే మాత్రం, వాడు ఆ పుస్తకం కొని చదువుతాడా? నేనా చదవలేను," అంది. ఆ మాట కోపంగా అనలేదు. నాకు మాత్రం ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

నెల పైన గడిచింది. నాకు నిద్రపట్టే పరిస్థితి లేదని అనను, నిద్ర పట్టేది. కానీ పాఠం చెబుతూ ఉన్నట్టుండి ఆగిపోయేదాన్ని. ముందు కుర్చీ పట్టుకుని నిలబడ్డ ఆ మాస్టారు కళ్లముందుకు వచ్చేవారు. ఒక సెలవురోజు పెద్దమ్మకు చెప్పకుండా పలివెల బయలుదేరాను.

ఆయన ఇంట్లోనే ఉన్నారు. గుర్తుపట్టి, "రండి రండి, అమలాపురంలో పత్రం చదివిన అమ్మగారు కదండీ," అని కుర్చీ వేశారు. ఆయన భార్య కాఫీ తెచ్చి ఇచ్చింది. అరుగు మీద కూర్చుని, నేను ఎవరి మరిది కూతురినో చెప్పాను. పిలక సంగతి చెప్పాను. చక్రకేళీ అని చెప్పాను. పేరు పలికాను, ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని, నెల ఆలస్యంగా.

ఆయన ఆశ్చర్యపోలేదు. కండువాతో మొహం తుడుచుకున్నారు.

"నాకు తెలుసండీ," అన్నారు. "అమ్మ మొక్క పంపింది అనగానే ఒళ్లు ఝల్లుమంది. మా పెరట్లో చక్రకేళీ దగ్గర ఒకచోట గొయ్యి ఉండేది, ఎవరు తవ్వేరని మా నాన్న ఇల్లంతా కేకలేసేడు. నాకప్పుడు పద్నాలుగో పదిహేనో. అమ్మ నోరెత్తలేదు. ఆవేళ మీరు చదువుతుంటే ఇన్నేళ్లకి ఆ గొయ్యి ఎందుకో తెలిసిందండీ."

"అయితే అప్పుడే..." అన్నాను.

"అందుకే కదండీ లేచి అడిగేను. మీరు చక్రకేళీ అని ఒక్క మాట అంటే, అక్కా అని అక్కడే పిలుద్దును. పసుప్పచ్చ చీర కట్టుకుని కూచుంది, చూసేను. అది అమ్మ చీర. పెళ్లికి వెళ్లిపోతూ పట్టుకుపోయిందది." ఆయన కండువా మళ్లీ భుజాన వేసుకున్నారు. "రెండుసార్లు అడిగేను. ఆవిడకి పేరు చెప్పడం ఇష్టం లేదన్నారు. ఆవిడ ఇష్టాన్ని గౌరవించాలన్నారు. ఆవిడ అక్కడే ఉండి కూడా కాదనలేదు. మేం పెట్టిన పేరంటేనే ఇష్టం లేని మనిషిని ఏ పేరు పెట్టి పిలవనండీ?"

ఆ మాట ఆవిడది కాదండీ, నాదండీ అన్నాను. పరిశోధనల్లో అలా రాయడం ఆనవాయితీ అన్నాను. ఎవరి గురించైనా అలాగే అంటామన్నాను. చెప్పేకొద్దీ అది అబద్ధంలా వినిపించింది, నాకే. ఆయన మాత్రం చాలా మర్యాదగా విన్నారు. పెద్దవాళ్ల మధ్య సయోధ్య కుదర్చడానికి వచ్చిన మంచి పిల్లను చూసినట్టు చూశారు.

"మీ మనసు మంచిదండీ," అన్నారు. "సభలో చదివింది సభలో చదివిందే. కాఫీ తాగండి, చల్లారిపోతుంది."

లేచి వచ్చేస్తుంటే గేటు దాకా సాగనంపారు. బస్సు ఎక్కడ ఎక్కాలో కూడా చెప్పారు.

ఊరెళ్లాక పెద్దమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. కానీ ఆవిడ మొహం చూశాక నిజం చెప్పలేకపోయాను. వెళ్లాను గానీ ఆయన ఇంట్లో లేరండీ, కలవలేదు అన్నాను. చెప్పకుండా వెళ్లినందుకు కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. పెరట్లో అరటిబోదెకు ఎండాకు కోస్తున్నదల్లా కత్తి పక్కన పెట్టి, నావైపు తిరిగింది. మొహం తేటపడింది.

"పోన్లే, అయితే వాడికి ఇంకా తెలీదన్నమాట," అంది. "తెలిస్తే వాడు ఒక్క పూట ఆగడమ్మా. పరిగెత్తుకొచ్చేస్తాడు."

నేను కత్తి అందుకుని మిగతా ఆకులు కోశాను.